పెద్దయ్యాక ఊళ్ళో స్నేహితులు దొరకాలంటే: గోదావరి డెల్టావాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, పెళ్ళయి వచ్చిన కోడళ్ళు, హైదరాబాదు నుంచో అమెరికా నుంచో తిరిగొచ్చి అమలాపురం, భీమవరం, కాకినాడల్లో స్థిరపడ్డవాళ్ళు, కొత్తగా రిటైరైనవాళ్ళు. వీళ్ళందరి మాటా ఒకటే: "అందరూ బాగా పలకరిస్తారండీ, కానీ నావాళ్ళంటూ ఒక్కరూ లేరు." ఆ సందేహాలే తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇక్కడివాళ్ళు ఇంత మర్యాదస్తులు కదా, మరి నాకు స్నేహితులు ఎందుకు దొరకడం లేదు?

ఆ మర్యాదే కొంత అడ్డం. కొత్తమనిషి కనిపిస్తే కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, కాఫీ తాగందే కదలనివ్వరు. ఆ కుర్చీలో కూర్చున్నంతకాలం మీరు అతిథి. అతిథికి ఎవరూ తమ చిరాకులు చెప్పుకోరు, పని పురమాయించరు. పైగా ఇక్కడివాళ్ళ సాయంత్రాలు బంధువులతోనే నిండిపోయి ఉంటాయి: మేనత్తగారింట్లో గృహప్రవేశం, బావమరిది కూతురి ఓణీల ఫంక్షను, తోడల్లుడి తోటలో కొబ్బరికాయల దింపు. మీరంటే ఇష్టం లేక దూరం పెట్టరు, తీరిక లేక మరిచిపోతారు.

కాబట్టి కుర్చీలోంచి లేచి పనిలోకి దిగాలి. వడ్డన, చందా పుస్తకం, మైకు సర్దడం, ఏదైనా సరే. ఎక్కడ చేరాలో తేల్చుకునే ముందు ఒక్కటి ఆలోచించండి: నేను ఒకరోజు రాకపోతే అక్కడ ఎవరికైనా ఇబ్బందా? ఇబ్బంది పడేవాళ్ళుంటేనే "ఏమండీ, రాలేదేం?" అని ఫోనొస్తుంది.

ఎన్నాళ్ళు పడుతుందండీ?

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశీలనలో ఒక అంచనా ఉంది. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90, దగ్గరి స్నేహానికి 200 గంటల పైన కలిసి గడపాలి. ఆఫీసులో పక్కపక్కన పనిచేసిన గంటలకు అంత బలం లేదని కూడా అందులో తేలింది.

దాన్ని మన లెక్కలోకి తెచ్చుకుంటే, నెలకొక సాహిత్య సభకు రెండు గంటల చొప్పున వెళ్తే 50 గంటలకు రెండేళ్ళు దాటుతుంది. వారానికి ఐదు రోజులు పొద్దున్నే గంటేసి షటిల్ ఆడితే పది వారాలు. ధనుర్మాసంలో రోజూ తెల్లవారుజామున గంటసేపు తిరుప్పావైకి వెళ్తే నెలలో సుమారు 30 గంటలు. ఇష్టం ఒక్కటే చూసుకుంటే చాలదు, ఎన్నిసార్లు కలుస్తారో కూడా చూసుకోవాలి.

నాకు మొహమాటం ఎక్కువ. జనంలో మాట పెగలదు.

చేతికి పనుండే చోట చేరండి. కుర్చీలు మోస్తున్నవాణ్ణి, ఆకులు కడుగుతున్నామెను ఎవరూ "మీ గురించి చెప్పండి" అనరు. మాట మధ్యలో దానంతటదే వస్తుంది.

## ఎక్కడికి వెళ్ళాలి

మా ఊళ్ళో ఏం జరుగుతున్నాయో ఎలా తెలుస్తుంది?

టెంట్‌హౌసుకి వెళ్ళి అడగండి. వచ్చే నెలలో ఎవరు ఎక్కడ సామియానా వేయిస్తున్నారో, ఏ సభకి ఎన్ని కుర్చీలో టెంట్‌హౌసు యజమాని పుస్తకంలో ఉంటుంది. తర్వాత దినపత్రిక జిల్లా పేజీలో "నేటి కార్యక్రమాలు", గుడి గోడ మీద నోటీసు, సంగీతం మాస్టారి ఇల్లు. శాఖా గ్రంథాలయానికి నవంబరులో వెళ్తే మంచిది: 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఊళ్ళో చదివేవాళ్ళు, పిల్లలకి పోటీలు పెట్టేవాళ్ళు ఆ వారంలో అక్కడే కనిపిస్తారు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, కాకినాడలో సరస్వతీ గాన సభ లాంటి పాత సంస్థలున్నచోట వెతుకులాట ఇంకా తేలిక.

కోలాటంలో చేరితే నిజంగా స్నేహితులవుతారా? నాకు అడుగు కూడా పడదు.

ఆడవాళ్ళకి ఇంతకన్నా మంచి దారి డెల్టాలో మరొకటి లేదనే చెప్తాం. కోలాటం జంటల ఆట. ఒకరు రాకపోతే ఎదురుగా ఉన్నామె కర్ర గాల్లో కొట్టుకోవాలి, వరస చెడుతుంది. అందుకే రెండురోజులు మానేస్తే ఇంటికి మనిషొస్తుంది. సాధన ఎక్కువగా వంటలయ్యాక రాత్రి ఏడు, ఎనిమిది మధ్య మొదలవుతుంది, గుడి ముందో బడి ఆవరణలోనో. మొదటి వారం కర్రలు పట్టకుండా పక్కన చప్పట్లతో అడుగులు నేర్చుకోండి. ఖర్చు కర్రలు, మాస్టారి ఫీజు, ఒకే రంగు చీర. చీరల దగ్గరే గొడవలొస్తాయి, కాబట్టి ధర ముందే అనుకుని కొనాలి. ఊరేగింపుల రాత్రులు ఆలస్యమవుతాయి, తిరుగు ప్రయాణానికి వ్యాను మాట్లాడారో లేదో మొదటే అడగండి.

నాటకాలంటే ఇష్టం, కానీ నటించలేను. నాకు చోటుంటుందా?

నటించేవాళ్ళకన్నా మీకే గిరాకీ. పరిషత్తు నాటక పోటీలకి వెళ్ళే నాటక సమాజాలకి ప్రాంప్టింగుకి (నటుడు మరిచిన మాట తెర వెనక నుంచి అందించడానికి), సెట్టు ఎత్తడానికి, సంగీతం టైముకి వెయ్యడానికి, మేకప్ సామాను చూసుకోవడానికి మనుషులు దొరకరు. గంట సేపు ఆడే నాటికకి కూడా వారాల తరబడి రిహార్సల్సుంటాయి. ఉద్యోగాలయ్యాక రాత్రిపూట కూర్చుంటారు, మధ్యలో టీ, తర్వాత ఒకరిమీద ఒకరికి కోపాలు, మళ్ళీ టీ. పోటీకి వేరే ఊరు వెళ్ళి రాత్రంతా మిగతావాళ్ళ నాటికలు చూసి తెల్లారి తిరిగొచ్చేసరికి అందరూ ఒకరికొకరు అయినవాళ్ళయిపోతారు. ప్రాంప్టరుకి ఒక నియమం: నటుడు ఆగాడు కదా అని వెంటనే అందించకండి, ఆ ఆగడం నటనలో భాగమేమో రిహార్సల్లోనే రాసి పెట్టుకోండి.

పాట వచ్చు, కచేరీ చేసేంత రాదు.

త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి. ఆరోజు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాలు గోష్ఠిగా పాడతారు. మీ ఊళ్ళో పాడే బృందం ఉంటే దసరా నాటికే చేరండి, సంక్రాంతి అయ్యాక వెళ్తే వెనక వరసలో పెదవులు కదపడమే మిగులుతుంది.

తీర్థాలకి, జాతరలకి వెళ్తే పరిచయాలవుతాయా?

జనంలో కలిసి చూసి వస్తే అవ్వవు. తీర్థానికి ముందు జరిగే పనిలో అవుతాయి. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకి పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ఎత్తైన కట్టడాలు) వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటే ఆ పావుగంట చూడటానికే వేలమంది వస్తారు. వాళ్ళలో మీరొకరైతే ఫొటో మిగులుతుంది. అంతకు ముందు రోజుల్లో వెదురు కట్టేచోట, గుడ్డలు చుట్టేచోట తాళ్ళు అందిస్తే మనుషులు మిగులుతారు. ప్రభ ఎత్తడానికి మాత్రం ఎగబడకండి, భుజాల వరసలు తరతరాలుగా వస్తున్నవి. భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది రథోత్సవానికైతే ముందే పరిచయమున్న నలుగురితో కలిసి వెళ్ళండి. నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం నిలబడ్డ సమయమే అసలు మాటలకి పనికొస్తుంది.

గుళ్ళూ పూజలూ నాకు పడవు. నాకేమైనా ఉందా?

షటిల్ కోర్టు, కాలవగట్టు మీద పొద్దుటి నడక, గ్రంథాలయం, రోటరీ, లయన్సు వాళ్ళ వైద్య శిబిరాలు. షటిల్‌కి డబుల్స్ మేలు, నలుగురు లేందే ఆట లేదు. కాక్‌ల ఖర్చు నెలకోసారి పంచుకుంటారు, మీ వంతు అడిగించుకోకుండా ఇవ్వండి.

వేరే మతంవాళ్ళ పండగకి పిలిస్తే వెళ్ళొచ్చా?

తప్పకుండా. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు (పండగకి ముందే చేసుకునే వేడుకలు) జరుగుతాయి, వాటికి ఊళ్ళో అందర్నీ పిలవడం మామూలే. కేకు తినేసి రావద్దు, పాటల దాకా కూర్చోండి. ఇఫ్తార్‌కైతే సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందే చేరాలి, ఖర్జూరాలు తీసుకెళ్తే చాలు.

## మొదటి రోజు

ఒక్కణ్ణే వెళ్ళి ఎలా నిలబడను?

మొదలయ్యే వేళకి వెళ్తే అందరూ గుంపులు కట్టేసి ఉంటారు. 20 నిమిషాలు ముందు వెళ్ళండి. అప్పుడక్కడ ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకి చేతులు చాలవు. "ఇవెక్కడ వెయ్యమంటారండీ?" అని కుర్చీ పట్టుకోండి. అయిపోయాక పావుగంట ఆగండి, సామాను సర్దేటప్పుడే నిర్వాహకులు మామూలు మనుషులవుతారు. రెండు గంటల సభలో మీకు పనికొచ్చేది ఈ ముప్పై అయిదు నిమిషాలే.

పేరు చెప్పగానే ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకా అంటారు. కులం కోసమేనా?

కొందరు దానికోసమే అడుగుతారు, దాచి లాభం లేదు. కానీ ప్రతిసారీ అదే అనుకుంటే నష్టం మీకే. ఊరు, ఇంటిపేరు తెలిస్తే ఎవరో ఒకరి ద్వారా మీతో చుట్టరికమో, చదువుకున్న బడో, కొన్న పొలం గట్టో కలుపుకోవాలనే తాపత్రయం పెద్దవాళ్ళకి ఎక్కువ. అలా కలిస్తేనే వాళ్ళకి మాట సాగుతుంది.

చెప్పడం ఇష్టం లేకపోతే విసుక్కోకుండా ఊరి మీదుగా మాట తిప్పండి: "మాది పార్వతీపురం దగ్గరండీ, ఇక్కడ కాలవ చూస్తే మతి పోయింది, ఇది ఎటు పోతుందండీ?" కాలవ గురించి అడిగితే కాటన్ దొర దగ్గర మొదలుపెట్టి ధవళేశ్వరం మీదుగా తమ చేలోకి నీరొచ్చేదాకా చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. రెండోసారి, మూడోసారి కూడా సూటిగా కులమే అడిగితే ఆ మనిషి ఎలాంటివాడో మీకు తెలిసిపోయింది, ఇంకో కుర్చీ వైపు జరగండి. మీరు మాత్రం ఎదుటివాళ్ళ ఇంటిపేరు ముందుగా అడక్కండి.

ఎవర్ని ఎలా పిలవాలి?

మొదట అందరికీ "గారు", "అండి". వయసులో చిన్నవాళ్ళకి కూడా. ఉపాధ్యాయులకి, కళాకారులకి "మాస్టారు". కొన్నాళ్ళకి వాళ్ళే "బాబాయిగారు అనండి", "అక్కా అనండి" అంటారు, ఆ వరస వాళ్ళ నోటి నుంచి రానివ్వండి. నలభై దాటాక కుదిరిన స్నేహాల్లో "నువ్వు" రాకపోవడం మామూలే, ఇరవయ్యేళ్ళ స్నేహితులు కూడా "మీరు" అనే అనుకుంటారు.

మొదటిసారే "భోంచేసి వెళ్ళండి" అంటారు. నిజంగా అంటున్నారా?

ఒకసారి అంటే మర్యాద. ఆకు వేసి అంటే నిజం. కాఫీనో మజ్జిగో మాత్రం కాదనకండి, ఏమీ ముట్టకుండా లేస్తే నొచ్చుకుంటారు. షుగరుంటే అదే చెప్పండి, చక్కెర లేకుండా తెస్తారు. వాళ్ళ గిన్నెలో ఏదైనా పంపితే ఖాళీగా తిరిగివ్వద్దు, నాలుగు నిమ్మకాయలో గుప్పెడు కరివేపాకో వేసివ్వండి. అంతకు మించి ఘనంగా తిరిగిస్తే వాళ్ళు ఇంకా ఘనంగా చెయ్యాలి, అక్కడితో రాకపోకలు బరువవుతాయి.

## పరిచయం స్నేహం కావాలంటే

ఫోన్ నంబరు తీసుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?

అదే రాత్రి ఒక మాట రాయండి, అందులో ఆరోజు మాట్లాడుకున్న సంగతొకటి ఉండాలి. "ఇవాళ కడియం నర్సరీలో మీరు చెప్పిన గన్నేరు రంగు దొరికిందండీ, ఫొటో పెడుతున్నా." రోజూ శుభోదయం పువ్వులు పంపితే రెండోవారానికి మ్యూట్‌లో పడతారు. పది రోజుల్లోపు రోజు, వేళ, చోటు చెప్పి చిన్న పనికి పిలవండి: "శనివారం పొద్దున్న ఏడింటికి ధవళేశ్వరం కాటన్ మ్యూజియం వైపు నడకకి వెళ్తున్నాం, వస్తారా?" "ఎప్పుడైనా కలుద్దాం" అన్నదానికి ఎవరూ రారు.

ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్ళడానికి మంచి ప్రయాణం ఏది?

కార్తీకమాసంలో పంచారామాలు. ఐదింటిలో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, పాత ఉభయ గోదావరి జిల్లాల్లోనివే; ఐదోది అమరావతి. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు సాధారణంగా ఆదివారం రాత్రి బయలుదేరి సోమవారమంతా తిప్పుతాయి. నిద్రలేమి, వరసల్లో నిలబడడం, ఒకే సీసాలో నీళ్ళు, చెప్పులు వెతుక్కోవడం. ఒక్క రోజులో మనిషి నైజం మొత్తం బయటపడుతుంది. సరిపడనివాళ్ళెవరో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

భక్తి లేనివాళ్ళకి కోరంగి మడ అడవుల చెక్క వంతెన చాలు. ఎండెక్కక ముందే వెళ్ళండి, దోమలకి నిండు చేతుల చొక్కా వేసుకోండి. పడవ ఆటుపోట్లని బట్టి నడుస్తుంది, ఆరోజు వేళ కనుక్కునే బయలుదేరండి.

ఎప్పుడూ నేనే ఫోన్ చేస్తున్నాను. ఆపెయ్యనా?

సంక్రాంతి ముందూ వెనకా, పెళ్ళి ముహూర్తాల్లో, కోతలప్పుడు, రొయ్యల చెరువు పట్టుబడి వారంలో ఎవరూ పలకరు, అది లెక్కలోకి తీసుకోకండి. తీరిక రోజుల్లో మూడుసార్లు పిలిచినా రాలేదు, "ఈసారి కాదు, ఫలానా రోజు" అని కూడా అనలేదంటే ఆపండి. పలకరింపు మాత్రం మానొద్దు, రేపు మళ్ళీ అదే సెంటర్లో ఎదురవుతారు.

## చిక్కులు

కార్తీకమాసం వస్తే వనభోజనాలు కులాల వారీగా పెడుతున్నారు. నేనెక్కడికి వెళ్ళాలి?

ఆ ఆదివారాలు మీ స్నేహితులు అక్కడికి వెళ్తారు, మిమ్మల్ని పిలవరు. బాధే, కానీ మీమీద కోపంతో చేసేది కాదు. ఆ గుంపులోనే స్నేహమంతా వెతుక్కునేవాళ్ళకి ఒక నష్టముంది: పరిచయాలు తొందరగా అవుతాయి, బంధుత్వాల తగాదాలు కూడా అంతే తొందరగా వచ్చి మీద పడతాయి. షటిల్ జట్టుకో, వీధికో, అపార్టుమెంటుకో కలిపి ఒక పనిదినం మధ్యాహ్నమో రెండో శనివారమో వేరే పెట్టండి. ఆదివారాలతో పోటీ పడితే మనుషులు రారు.

కొత్త స్నేహితుడు చీటీలో చేరమంటున్నాడు.

కలిసి ఏడాది కాకముందు చీటీ, పాలసీ, స్థలం, గొలుసు వ్యాపారం ఏదొచ్చినా ఒకటే జవాబు: "డబ్బు సంగతులు మా ఇంట్లో నేను చూడనండీ." తర్వాత కూడా పిలుస్తున్నాడా లేదా చూడండి. అప్పు అడిగితే, తిరిగి రాకపోయినా నిద్రపట్టేంత సొమ్ము ఇవ్వండి, లేదంటే లేదనండి.

ఆడా మగా స్నేహంగా ఉంటే ఊళ్ళో మాటలొస్తాయి కదా?

చిన్న ఊళ్ళలో వస్తాయి. ఇంట్లోవాళ్ళకి పరిచయం చెయ్యడం, నలుగురిలో కలవడం, పగటిపూట కలవడం మేలు. న్యాయమా అంటే కాదు, కానీ మాట పడేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఆమెకి ఏది ఇబ్బంది లేదో ఆమె చెప్పినట్టే జరగాలి.

## మీరే నడపాలంటే

ఇరవైమందికి వనసమారాధన పెట్టాలి. ఏమేం కావాలి?

బియ్యం అన్నానికి రెండు కిలోలు, పులిహోరకి కిలో. కందిపప్పు ముప్పావు కిలో, కంద రెండు కిలోలు, బచ్చలి ఆరు కట్టలు, పెరుగు మూడు లీటర్లు, అప్పడాలు నలభై, అరిటాకులు పాతిక, తాగడానికి 20 లీటర్ల టిన్నులు మూడు, జంఖానాలు మూడు, చెత్తకి గోతాలు రెండు. కంద తరిగేవాళ్ళు చేతులకి నూనె రాసుకోవాలి, లేకపోతే దురద సాయంత్రం దాకా వదలదు.

వంట కేటరింగుకి ఇవ్వొద్దు. డబ్బులకోసం చెప్పడం లేదు. ముందే వండి తెస్తే ఇరవైమందీ అతిథులై ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆరుగురు తరగడం, ఇద్దరు పొయ్యి, నలుగురు వడ్డన, ఇద్దరు నీళ్ళు, ఇలా పేర్లు ముందురోజే రాసి పెట్టండి. కొత్తవాళ్ళకి వడ్డన ఇవ్వండి, ప్రతి ఆకు దగ్గరా ఆగి ఒక్కొక్కరితో మాట్లాడక తప్పదు.

తోట యజమానిని వారం ముందు అడగాలి. కొబ్బరితోటైతే గెలల కింద జంఖానా వెయ్యకండి, మామిడో ఉసిరో చూసుకోండి. కార్తీకంలో ఐదున్నరకే చీకటి పడుతుంది, వంట పదిన్నరకి మొదలవ్వాలి. చందా ముందే తీసుకుని, ఆ రాత్రే లెక్క గ్రూపులో పెట్టండి. మిగిలిన రెండువందలు ఎక్కడికి పోయాయన్న అనుమానంతో విడిపోయిన బృందాలు చాలా ఉన్నాయి.

పాపికొండల బోటు పెట్టుకోవచ్చా?

వరద రోజుల్లో ఆ ఊసెత్తకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద నీటిలోనే. మిగతా కాలంలో కూడా అనుమతి ఉన్న బోటు చూసుకుని, లైఫ్ జాకెట్ దిగేదాకా విప్పనివాళ్ళనే తీసుకెళ్ళండి. "ఏం కాదండీ" అని జాకెట్ విప్పే మనిషి వెంట ఇంకో నలుగురు విప్పుతారు.

వానొస్తే ఏం చెయ్యాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా డెల్టాకి తుపానుల కాలం, 1996 నాటి పెను తుపాను కోనసీమ మీద పడింది నవంబరు 6న. కార్తీకంలో ఏది తలపెట్టినా పైకప్పున్న రెండోచోటు, ఒక కల్యాణ మండపమో ఎవరింటి మేడో, ముందే మాట్లాడి ఉంచుకోండి. వాయిదా వేస్తే కొత్త తేదీ అదే మెసేజీలో చెప్పండి. "మళ్ళీ చెప్తాం" అని వదిలేసిన కార్యక్రమానికి సగంమంది రారు, బచ్చలి కట్టలు కూడా పాడైపోతాయి.